ఆస్పత్రి బంతి

కన్నకొడుకుని చూసి కుళ్ళుకున్న తండ్రిని మీరు ఎక్కడైనా చూశారో లేదో నాకు తెలియదు. చూసి ఉండకపోతే ఇదుగో, నన్ను చూడండి. పంతొమ్మిది వందల అరవై మూడో సంవత్సరం చలికాలమంతా నేను చేసింది ఆ ఒక్క పనే. పగలు గనిలో బొగ్గు తవ్వడం, ఇంటికొచ్చి వాణ్ణి చూసి కడుపు మండించుకోవడం.

అప్పటికి నాకు ముప్పై తొమ్మిదేళ్ళు. హెక్‌థార్ప్ ఊరి రగ్బీ జట్టుకి పదకొండేళ్ళుగా కెప్టెన్ని. జట్టు అనగానే పెద్దగా ఊహించుకోవద్దు. పబ్బు మేడ మీద బట్టలు మార్చుకుని, రోడ్డు దాటి, గని మట్టి గుట్ట పక్కనున్న మైదానంలోకి దిగే పదమూడు మంది గని మనుషులం. పైసా జీతం లేదు, బస్సు ఛార్జీ కూడా మాదే. అయితే శనివారం మధ్యాహ్నం మైదానం గీత వెంబడి మూడు నాలుగు వందల మంది నిలబడి "క్లెమ్! క్లెమ్!" అని నా పేరే గొంతు చించుకుని అరిచేవారు. ఆ అరుపు ఆదివారం నాడు చర్చిలో, సోమవారం నాడు గని లోపల, ఇంచుమించు గురువారం దాకా నా చెవుల్లో ఉండేది. శుక్రవారం కొంచెం నీరసంగా ఉండేది. శనివారం మళ్ళీ నింపుకునేవాణ్ణి.

ఆ ఏడు మా అబ్బాయి నెవిల్‌కి పద్దెనిమిది నిండి పెద్దల జట్టులోకి వచ్చాడు. నాది తొమ్మిదో నంబరు చొక్కా, వాడిది ఆరు. నా పని స్క్రమ్ములో, అంటే రెండు జట్ల మనుషులూ తలలు గుచ్చుకుని తోసుకునే ఆ కుప్పలో, మధ్యన వేలాడుతూ బంతిని కాలితో మా వైపుకి లాగడం. మావాడెవడైనా కిందపడి, లేచి, బంతిని కాలితో వెనక్కి తోస్తే దాన్ని ఎత్తి నెవ్‌కి అందించేది కూడా నేనే. వాడి పని దాన్ని అందుకుని ఎగిరిపోవడం. బురదలో ముక్కు పెట్టి బంతి సంపాదించేవాణ్ణి నేను, దానితో పరిగెత్తి చప్పట్లు కొట్టించుకునేవాడు వాడు. అక్టోబరు వచ్చేసరికి గీత పక్కన అరుపు మారిపోయింది.

"నెవ్‌కివ్వు! ఏం చేస్తున్నావు క్లెమ్, నెవ్‌కివ్వు!"

మొదట్లో నాకూ గర్వంగానే ఉంది, అబద్ధమెందుకు. ఆ గర్వం ఎప్పుడు విరిగిందో కూడా చెప్పగలను. నవంబరులో ఒక శుక్రవారం సాయంత్రం మాంసం కొట్లో విరిగింది. ఎమోస్ కొట్టు ముందు ఆడవాళ్ళు వరసలో ఉన్నారు. నన్ను చూడగానే ఎమోస్ కత్తి పైకెత్తి పిలిచాడు.

"జరగండమ్మా జరగండి, నెవ్ వాళ్ళ నాన్నొచ్చాడు!"

పదకొండేళ్ళుగా ఆ కొట్లో నా పేరు కెప్టెన్. ఒక్క శరదృతువులో నెవ్ వాళ్ళ నాన్ననైపోయాను. ఎమోస్ ఊరికే ఒక లివరు ముక్క కాగితంలో చుట్టి నా చేతిలో పెట్టాడు.

"ఇది కుర్రాడికి, నీకు కాదు సుమా. దారిలో పచ్చిదే నమిలేసేవు!"

ఆడవాళ్ళంతా నవ్వారు, నేనూ నవ్వాను. ఇంటికెళ్ళే దారిలో ఆ లివరు ముక్కని చివరింటి వాళ్ళ కుక్కకి వేసి, అది తినేదాకా నిలబడి చూశాను. అంతటి మనిషిని నేను.

సెస్ గాంట్ అని మా జట్టుకి ఒకడున్నాడు. సెక్రటరీ వాడే, ఆట నేర్పేవాడూ వాడే, ఎవడికైనా దెబ్బ తగిలితే బకెట్టూ స్పాంజీ పట్టుకుని పరిగెత్తుకొచ్చే వైద్యుడూ వాడే. కాలు బెణికినా కన్ను వాచినా వాడి దగ్గర ఒకటే మందు, చన్నీళ్ళ స్పాంజీ మెడ మీద పిండటం. డిసెంబరు మధ్యలో ఒకరోజు పబ్బులో నా పక్కన చేరి చెవిలో ఊదాడు.

"లమ్ వస్తున్నాడ్రా."

"ఏ లమ్?"

"ఎంతమంది లమ్ములున్నారేంటి? పట్నం క్లబ్బుకి కుర్రాళ్ళని ఏరే లమ్. జనవరి మొదటి శనివారం, మిల్లు జట్టుతో మన కప్పు మ్యాచికి. మీవాణ్ణి చూడ్డానికే."

పట్నం క్లబ్బంటే ఆడినందుకు జీతమిచ్చే క్లబ్బు. మా ఊళ్ళో పుట్టిన ప్రతి మగపిల్లాడూ నడక నేర్చిన దగ్గర్నించీ కలగనేది దాని గురించే.

"నా కొడుకా మజాకా" అన్నాను, ఏదో ఒకటి అనాలి కనక.

"నీ కొడుకే, ఎవరు కాదన్నారు? ఆట మాత్రం వాళ్ళమ్మ పోలిక" అని వాడి జోకుకి వాడే పగలబడి నవ్వాడు.

ఆ జనవరి మొదటి శనివారం మ్యాచి జరగలేదు. క్రిస్మస్ మర్నాడు మంచు పడింది. మంచు పడటం మాకు వింత కాదు, మార్చి దాకా కరగకపోవడం వింత. మైదానం ఇనప రేకులా బిగుసుకుపోయింది. ఊరు ఊరంతా దాన్ని మెత్తబరచడానికి దిగింది. గని నుంచి పికాసులు తెచ్చాం. గడ్డి పరిచాం. బాయిలర్ల కింది వేడి బూడిద తోపుడు బళ్ళలో తోలుకొచ్చి పోశాం. కెప్టెన్ని కదా, అన్నిటికీ ముందు నేనే. ప్రతి శనివారం పొద్దున రిఫరీ వచ్చి బూటు మడమతో నేలని నాలుగు చోట్ల పొడిచేవాడు, తల అడ్డంగా ఊపేవాడు. అందరూ ఉసూరుమనేవారు. నేను అందరికన్నా గట్టిగా ఉసూరుమని, లోపల్లోపల పండగ చేసుకునేవాణ్ణి. ఒక వారం గడిచిందంటే, ఆ వారానికి వాడింకా పట్నం ఆటగాడు కానట్టే లెక్క.

బయట ఆట లేకపోయేసరికి లోపల పోరు ఎక్కువైంది, పోరు పడేది నేనొక్కణ్ణే అయినా. ఒకరోజు మా ఆవిడ హిల్డా మాంసం, బంగాళాదుంపలు పిండి రొట్టెలో పెట్టి 'పై' కాల్చింది. వాడి ప్లేటులో రెండు ముక్కలు పడ్డాయి, నా ప్లేటులో ఒకటి.

"వాడికి రెండూ నాకు ఒకటీనా?"

"వాడు ఎదిగే పిల్లాడు" అంది హిల్డా.

"నేను బొగ్గు తవ్వేవాణ్ణి."

"నువ్వూ ఎదుగుతున్నావులే, అడ్డంగా."

నెవ్ తన ప్లేటులోంచి ఒక ముక్క తీసి నా ప్లేటులో పెట్టాడు. దాంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది. వాడు పొగరుబోతు అయి ఉంటే, ఎదురు మాట్లాడే రకమైతే, నాకింత కష్టం ఉండేది కాదు. వాడు పనిలోంచి రాగానే నా బూట్లు కూడా తన బూట్లతో పాటు నిప్పు దగ్గర ఆరబెట్టేవాడు. అప్పటికీ నన్ను అడిగే ఆడేవాడు. "ఆ మ్యాచిలో నేను కుడివైపు తిరగాల్సిందా నాన్నా?" అని అడిగేవాడు. తిరగాల్సింది ఎటో నాకు తెలిసేది కాదు. నా జన్మలో నేనంత దూరం బంతి పట్టుకుని పరిగెత్తలేదు.

ఫిబ్రవరిలో లమ్ మా ఇంటికి వచ్చాడు. ముందు గది తీశాం. డాక్టరుకీ శవపేటికకీ తప్ప ఆ గది తీయం. హిల్డా పొద్దుటినించీ అక్కడ నిప్పు రాజేసినా మాట్లాడుతుంటే నోట్లోంచి ఆవిరి వస్తూనే ఉంది. లమ్ పొట్టి మనిషి, మంచి కోటు, గొంతు కూడా మెత్తన. కోటు విప్పకుండానే కూర్చున్నాడు.

"చూడండి హార్గేట్ గారూ, మీవాడి గురించి మూడు ఊళ్ళలో విన్నాను. నా కళ్ళతో ఒక్క మ్యాచి చూస్తే చాలు. ఈ మంచు కరగనివ్వండి. వాడికి ఇరవై ఒకటి నిండలేదు కాబట్టి ఒప్పందం కాగితం మీద తండ్రి సంతకం ఉండాలి. దానికి మీకేం అభ్యంతరం లేదుగదా?"

"నాకేం అభ్యంతరం?" అన్నాను.

టీ తాగుతూ మర్యాదకి అడిగాడు. "మీరు కూడా ఎప్పుడైనా ఆడారా?"

"ఎప్పుడైనా ఏంటండీ, కెప్టెన్!" అంది హిల్డా. "ఇప్పటికీ ఆడుతున్నాడు."

"ఓహో" అన్నాడు లమ్. "ఊళ్ళో."

ఆ ఒక్క మాటకి నా చేతిలో కప్పు పగలకపోవడం దాని అదృష్టం. ఇరవై రెండేళ్ళప్పుడు ఇదే పట్నం క్లబ్బు నన్ను పరీక్షకి పిలిచి మూడు మ్యాచులు ఆడించింది. పరీక్షకొచ్చినవాడి పేరు పేపర్లో వేయరు, వేరే క్లబ్బు ఎగరేసుకుపోతుందని భయం. జట్టు పేర్ల మధ్య నా చోట 'కొత్తవాడు' అని వేశారు. మూడు వారాలూ నేను కొత్తవాణ్ణే. నాలుగో వారం ఆ చోట ఇంకెవడిదో పేరుంది. అప్పుడు కూడా గీత పక్కన మంచి కోటేసుకుని ఒక పొట్టి మనిషి నిలబడి చిన్న పుస్తకంలో ఏదో రాసుకునేవాడు. వాడే వీడు. నాకు వీడు గుర్తున్నాడు, వీడికి నేను గుర్తులేను.

లమ్ వెళ్ళాక నెవ్ ముఖం వెలిగిపోతోంది. అయినా అణుచుకుని నన్నడిగాడు.

"నువ్వేమంటావు నాన్నా?"

"ముందు ఆడి చూపించు, మాటలకేముంది" అని గది తలుపు వేసేశాను.

మార్చి మొదటి వారంలో గాలి తిరిగింది. నాలుగు రోజుల్లో ఇనప రేకు కాస్తా బురద గుంటయింది. రిఫరీ మడమ దిగబడింది. ఆ శనివారం మిల్లు జట్టుతో కప్పు మ్యాచి. పదివారాలు ఆట మొహం చూడని ఊరు, పక్క ఊళ్ళతో సహా వచ్చి పడింది. ముసలివాళ్ళు కుర్చీలు తెచ్చుకున్నారు. లమ్ మధ్య గీత దగ్గర గొడుగు కింద నిలబడ్డాడు.

పదో నిమిషంలో నెవ్ మాకు పాయింట్లు తెచ్చాడు, మా ఆటలో దాన్ని ట్రై అంటారు. నేనిచ్చిన బంతే. వాడు ఇద్దరి మధ్య నుంచి సన్నగా జారి, మూడోవాడి చేతిలో చొక్కా చివర మాత్రం వదిలి, గీత దాటి బంతి నేలకానించాడు. జనం కేకలకి మట్టి గుట్ట మీద కాకులు లేచాయి. లమ్ గొడుగు చంకలో పెట్టుకుని పుస్తకం తీశాడు. సంతోషం పట్టలేక నెవ్ పరిగెత్తుకొచ్చి నా మెడ పట్టుకుని ఊపాడు.

"ఏం బంతిచ్చావు నాన్నా!"

గీత పక్కనించి ఎవడో అరిచాడు. "ముసలాడు కూడా పనికొస్తున్నాడ్రోయ్!"

మా ఆటలో ఆస్పత్రి బంతి అని ఒకటుంది. బంతి అందుకునేవాడి మీదికి ఎదుటివాడు అప్పటికే దూసుకొస్తుంటాడు. ఇచ్చేవాడు అది చూసుకోక, బంతిని ఎత్తుగా, నెమ్మదిగా వదుల్తాడు. బంతీ మనిషీ ఒకేసారి వచ్చి పడతారు. అందుకున్నవాడు నేరుగా ఆస్పత్రికి. కొత్తవాళ్ళు తెలియక ఇస్తారు. పదేళ్ళు ఆడినవాడు నిద్రలో కూడా ఇవ్వడు, ఎందుకంటే బంతి ఎత్తకముందే ఎదుటివాళ్ళలో ఎవరు కదిలారో వాడి కన్ను చూసేస్తుంది.

అరగంటప్పుడు మావాడొకడు కిందపడి, లేచి, బంతిని వెనక్కి తోశాడు. నేను వంగి ఎత్తుకున్నాను. టోల్సన్ కదలడం చూశాను. మిల్లు జట్టువాడు టోల్సన్, గుమ్మంలో నిలబడితే ఇంట్లోకి వెలుతురు రాదు. వాడు నెవ్ మీదికి అప్పటికే బయల్దేరాడు. నాకు ఎడంపక్క మావాడొకడు ఖాళీగా ఉన్నాడు, వాడికివ్వచ్చు. బంతి నా దగ్గరే ఉంచుకుని పడిపోవచ్చు. ఇవన్నీ నాకు కనిపించాయి. చంటిపిల్లాడికి ఆపిల్ పండు విసిరినట్టు ఎత్తుగా, మెత్తగా వదిలాను.

నెవ్ బంతినే చూశాడు. చేతిలో పడేదాకా మనిషిని చూడొద్దని వాడికి ఆరేళ్ళప్పుడు నేర్పినవాణ్ణి నేనే.

ఆ చప్పుడు గీత అవతల దాకా వినపడిందట. సెస్ బకెట్టుతో పరిగెత్తుకొచ్చాడు, స్పాంజీ పిండాడు, నెవ్ చొక్కా మెడ పక్కకి లాగి చూసి స్పాంజీ బకెట్లో పడేశాడు. మెడకీ భుజానికీ మధ్య ఎముక చర్మం కింద గుడారం కర్రలా లేచి ఉంది. టోల్సన్ చేతులు వేలాడేసుకుని నిలబడ్డాడు.

"నా తప్పేం లేదు క్లెమ్. నువ్వు చూశావుగా." తర్వాత నా మొహంలోకి చూసి గొంతు తగ్గించాడు. "అలాంటి బంతి నేను నా పగవాడికి కూడా ఇవ్వను."

"తడిగా ఉంది" అన్నాను.

నెవ్‌ని తలుపు చెక్క మీద పడుకోబెట్టి మోసుకుపోయారు. హిల్డా వెనకే వెళ్ళింది. లమ్ పుస్తకం మూసి జేబులో పెట్టుకోవడం చూశాను. ఆ రోజుల్లో దెబ్బ తగిలినవాడి బదులు ఇంకొకణ్ణి దింపే పద్ధతి లేదు. పన్నెండు మందిమి మిగిలాం.

ఇప్పుడు చెప్పబోయే మాట నేను ఇంటి బయట ఎవరికీ చెప్పలేదు. ఆ మిగిలిన మ్యాచి నా జన్మలో నేను ఆడిన అన్నిటిలోకీ గొప్ప మ్యాచి. స్క్రమ్ములో వాళ్ళకి ఒక్క బంతి దక్కనివ్వలేదు. టోల్సన్‌ని మూడుసార్లు పడగొట్టాను. చివర్లో ఒక ట్రై నేనే కొట్టాను, పదకొండేళ్ళలో నాకది నాలుగోది. గెలిచాం. గీత పొడుగునా అరుపు మళ్ళీ మారింది. "క్లెమ్! క్లెమ్!" ఆస్పత్రిలో కొడుకుని పెట్టుకుని నేను ఆ అరుపు తాగాను. పబ్బు వెనకాల పెద్ద తొట్టిలో వేణ్ణీళ్ళు పోశారు. మురికి కాని నీళ్ళలో మొదట దిగేది కెప్టెను. దిగి కళ్ళు మూసుకున్నాను. ఎంత హాయిగా ఉందో చెప్పలేను.

ఆస్పత్రికి వెళ్ళేసరికి నెవ్ కుడిచెయ్యి గుండెకి కట్టేసి ఉంది. హిల్డా పక్కన కూర్చుంది. నేను గుమ్మం దగ్గరే ఆగిపోయాను.

"గెలిచామా?" అన్నాడు.

"గెలిచాం."

"బంతి తడిగా ఉంది గదా నాన్నా" అన్నాడు నెవ్.

"అవున్రా, తడిగా ఉంది" అన్నాను. హిల్డా నా వైపు చూడలేదు.

నెల రోజులు ఎవరూ ఆ బంతి సంగతి ఎత్తలేదు. హిల్డా నాతో ఉప్పు అందుకో, తలుపు వెయ్యి, అంతవరకే మాట్లాడింది. సెస్ ప్రతి శనివారం వచ్చి నెవ్ పక్కన కూర్చుని, పాపం కుర్రాడి నోటికాడ కూడు నేలపాలైందే అని ఏడ్చేవాడు. పట్నం క్లబ్బు ఇంకెవరినో చూసుకుంటుందని అందరూ అనుకున్నారు. నేనూ అనుకున్నాను, అనుకుని నిద్రపోగలిగాను.

ఏప్రిల్ మొదట్లో పొద్దుటి షిఫ్టు దిగి వస్తుంటే గని గేటు దగ్గర మంచి కోటు కనిపించింది.

"ఒక్క నిమిషం హార్గేట్ గారూ" అన్నాడు లమ్. పక్కకి తీసుకెళ్ళి జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "ఇది మీవాడి కాగితం. ఈ ఏడు మంచు మూలాన ఆటలు జూను దాకా సాగుతాయి, ఎముక అతికేసరికి ఇంకా మ్యాచులుంటాయి. దెబ్బ తగిలిన తర్వాతి సోమవారమే ఆస్పత్రికి తీసుకెళ్ళి ఇచ్చాను. పుచ్చుకోలేదు."

"పుచ్చుకోలేదా?"

"నాకు రావాలనే ఉందండీ, కానీ ఈ కాగితం మా నాన్న ముందు నేను పెట్టలేను అన్నాడు. ఎందుకురా అంటే చెప్పడు. ఇరవై ఒకటి నిండనివ్వండి, నా సంతకం నేనే పెట్టుకుంటానంటాడు. మూడేళ్ళు ఆగడానికి నాది క్లబ్బు, బడి కాదు." ఆగి, మెత్తటి గొంతుతోనే అన్నాడు. "నలభై ఏళ్ళుగా చూస్తున్నాను హార్గేట్ గారూ. ఏ బంతి తడిసి జారిందో, ఏ బంతిని చెయ్యి కావాలనే వదిలిందో నాకు తెలుసు. అది నాకు అనవసరం. రెండు వారాలు చూస్తాను. ఆ తర్వాత వేరే కుర్రాణ్ణి తీసుకుంటాను."

కాగితం నా చేతిలో పెట్టి వెళ్ళిపోయాడు. అప్పటికైనా సిగ్గుతో చచ్చి, పరిగెత్తుకెళ్ళి సంతకం పెట్టి ఉంటానని మీరనుకుంటారు. తొమ్మిది రోజులు దాన్ని కోటు లోపలి జేబులో పెట్టుకు తిరిగాను. పొద్దున నిర్ణయించుకోవడం, మధ్యాహ్నం మనసు మార్చుకోవడం. వాడు నన్ను బాధపెట్టకూడదనే కాగితం వద్దన్నాడని తెలిశాక కూడా, ఆ మంచితనం మీదే నాకు ఏడుపొచ్చింది. ఇందులో కూడా నన్ను మించిపోయాడే అని.

పదోరోజు ఆదివారం. హిల్డా నా కోటు దులుపుతూ వంటింట్లోకొచ్చింది. కాగితం ఆమె చేతిలో ఉంది.

"ఇంకెన్నాళ్ళుంది గడువు?"

"నాలుగు రోజులు."

"ఇరవై ఏళ్ళుగా వానలో గీత పక్కన నిలబడి నీ ఆట చూస్తున్నాను, క్లెమ్. నాకు ఆట తెలీదనుకున్నావా?" గొంతు పెంచలేదు. "వాడు కావాలా, ఆ అరుపులు కావాలా, ఈ రోజే తేల్చుకో. నాకు మాత్రం వాడు కావాలి." కాగితం బల్ల మీద పెట్టి, సింకు దగ్గరికెళ్ళి గిన్నెలు కడగడం మొదలుపెట్టింది. "నెవ్, ఇలా రా నాయనా. మీ నాన్న పిలుస్తున్నాడు."

నేను పిలవలేదు. వాడు వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కాగితం చూశాడు, చూడగానే తెలిసిపోయింది.

"ఎప్పుడిచ్చాడు?"

"పది రోజులైంది" అన్నాను. "నెవ్, ఆ రోజు ఆ బంతి నేను..."

"తెలుసు నాన్నా."

"తెలిసి కూడా..."

"అది వదిలెయ్. నేనొకటి అడుగుతాను, నిజం చెప్తావా?"

"అడుగు."

"నన్ను తీసుకెళ్ళిపోయాక నువ్వు చాలా బాగా ఆడావట. జన్మలో అలా ఆడలేదని సెస్ అన్నాడు."

"ఆడాను."

"అప్పుడు నీకు సంతోషంగా ఉందా?"

లేదురా, నా ప్రాణమంతా నీ దగ్గరే ఉంది అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. ఏ తండ్రయినా అనే మాటే. అంటే వాడు నమ్మినట్టే ఊరుకునేవాడు కూడా, బంతి తడిగా ఉందని వాడే నాకు అబద్ధం అందించినట్టు. హిల్డా పంపు కట్టేసింది. వెనక్కి తిరగలేదు.

"ఉందిరా" అన్నాను. "చాలా సంతోషంగా ఉంది. ఇప్పుడు నువ్వు వెళ్తావంటే కూడా ఇక్కడ మండుతూనే ఉంది. అది పోలేదు. పోతుందని కూడా చెప్పలేను."

నెవ్ నా వైపు చూశాడు. కోపంగా కాదు. స్క్రమ్ములోంచి బంతి ఎటు వస్తుందా అని చూసేటప్పుడు చూసినట్టు చూశాడు.

"సరే" అన్నాడు.

కాగితాన్ని నా వైపుకి తిప్పాడు. పెన్ను మూత పళ్ళతో లాగి, పెన్ను నా చేతికిచ్చాడు. ఇరవై ఏళ్ళు పికాసు పట్టిన చేత్తో, ఆ పుల్లంత పెన్ను పట్టుకుని సంతకం మొదలుపెట్టాను. కాగితం జరిగిపోకుండా, కట్టు లేని చేత్తో వాడు దాని అంచు అదిమి పట్టుకున్నాడు.